ఉప్పు కొఠారు చర్చి మెట్లు

2017 ఫిబ్రవరిలో నన్ను కృత్తివెన్ను మండలంలోని ఒక ఊరి చర్చికి సైట్ ఇంజినీరుగా వేశారు. ఊరి పేరు రాయను. విజయవాడలో, పాత కట్టడాల మరమ్మతుకు సలహాలిచ్చే ఒక చిన్న సంస్థలో అప్పటికి నాకు నాలుగో ఏడు. మా ఆఫీసులో అంతస్తులు మూడే. పైన చీఫ్ కన్సల్టెంటు, ఆవిడ కింద ఇద్దరు ఆర్కిటెక్టులు, అందరికీ కింద సైట్ ఇంజినీర్లం. కట్టడం ఒకప్పుడు ఎలా ఉండేదో ఆర్కిటెక్టు చెబుతాడు. అది ఇంకా ఎందుకు పడిపోలేదో, ఎప్పుడు పడిపోతుందో చెప్పడం ఇంజినీరు పని.

ముప్పై మూడో ఏట నేను ఆ వృత్తి నుంచి విరమించాను. ఆ వయసుకే ఉద్యోగ జ్ఞాపకాలా అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. నా వయసు ఇంకా ఉంది, ఆ వృత్తి మాత్రం అయిపోయింది. ఈ రంగంలోకి రావాలనుకునే కుర్రాళ్ళు అప్పుడప్పుడు అడుగుతుంటారు కాబట్టి, అది దేనితో అయిపోయిందో రాస్తున్నాను.

నాకిచ్చిన పనిని మా భాషలో స్థితి పరిశీలన అంటారు. డాక్టరు మందు రాసేముందు రోగిని చూసినట్టే ఇదీ. ముందు కట్టడాన్ని కొలిచి గీయాలి. ప్రతి పగులునూ ఆ బొమ్మ మీద గుర్తించాలి. పగులుకు అడ్డంగా సన్నటి గాజుపట్టీ అతికించాలి. పట్టీ విరిగితే పగులు ఇంకా పెరుగుతోందని అర్థం. గోడలో తేమ ఏ ఎత్తున ఎంత ఉందో చూడాలి, పూత రాలిన చోట పొడి తీసి అందులో ఏ లవణం ఉందో పరీక్షించాలి. చివర కారణం, దాని తర్వాత చికిత్స. ఈ వరస తప్పకూడదు. కారణం తెలియకుండా చికిత్స రాయడం మా వృత్తిలో అన్నిటికంటే పెద్ద నేరమని చదువులో మొదటి రోజే చెప్పారు.

మరమ్మతుకు డబ్బిస్తున్నది రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ. సామాజిక బాధ్యత కింద ఏటా ఏదో ఒక మంచి పని చేసి ఫొటో వేసుకోవాలి కదా, ఆ ఏడు వాళ్ళకు ఈ చర్చి దొరికింది. పనిలో చేరేటప్పుడు ఈ సంగతిలో నాకు ఏ ఇబ్బందీ కనపడలేదు.

బందరు నుంచి వచ్చిన బస్సు దిగి, ఊరు దాటి, రోడ్డు మలుపు తిరగగానే చర్చి కనిపించింది. నేను అక్కడే ఆగిపోయాను. ఆ కట్టడాన్ని నేను అంతకుముందే ఒకసారి గీశాను. అయితే అది రోమ్‌లో.

పై చదువులో భాగంగా ఆరు వారాల శిక్షణకు రోమ్ వెళ్ళినప్పుడు, కొలిచి గీయమని మా జట్టుకిచ్చిన కట్టడం టైబర్ నది ఒడ్డున, పూర్వం పశువుల సంత జరిగిన చోట ఉన్న ఒక చిన్న గుడి. పోర్టూనుస్ అనే రేవు దేవుడిది. కట్టి రెండు వేల ఏళ్ళు దాటింది. రోమన్ గుడి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఆ ఒక్కటి చూస్తే చాలు. నిలువెత్తు అరుగు, దానికి ముందువైపు మాత్రమే మెట్లు. మెట్లెక్కగానే నాలుగు స్తంభాల వరండా, దాని నెత్తిన త్రికోణపు ముఖం. వెనక ఒకే ఒక గది. ఆ గది గోడలకు బయటివైపు, గోడలో సగం దిగబడినట్టు అర్ధ స్తంభాలు ఉంటాయి. మోసేది గోడే, అవి అలంకారం. గోడలు చవకరకం రాతివి. పాలరాయిలా కనబడాలని పైన సున్నపు పూత పూశారు. అంటే ఆ గాంభీర్యమంతా రెండంగుళాల పూతలో ఉంది.

ఆ గుడిలో భక్తులకు చోటు లేదు. లోపల విగ్రహం, పూజారి. బలిపీఠం బయట, మెట్ల ముందు. జనం ఎండలో నిలబడి చూసేవాళ్ళు. తొమ్మిదో శతాబ్దంలో దాన్ని చర్చిగా మార్చినప్పుడు తలకిందులైంది ఇదే. చర్చికి జనం లోపల ఉండాలి. అందుకని స్తంభాల మధ్య ఖాళీలు గోడ కట్టి మూసి, వరండాను కూడా గదిలో కలిపేశారు, వెలుతురు కోసం గోడలకు కిటికీలు పొడిచారు. తర్వాత దానికి ఈజిప్టు మరియ పేరు వచ్చింది. పదహారో శతాబ్దంలో ఆర్మేనియన్ క్రైస్తవుల చేతికి వెళ్ళింది. ఒకప్పుడు మన బందరు రేవులో బట్టల వ్యాపారం చేసిన ఆర్మేనియన్ల జాతివాళ్ళే వీళ్ళు. ఈలోగా చుట్టూ నేల పెరిగి అరుగు మట్టిలో కూరుకుపోయింది. పోయిన శతాబ్దంలో మట్టి తవ్వి, కట్టిన గోడలు తీసేసి, మళ్ళీ గుడి రూపానికి తెచ్చారు.

చర్చి అయింది కాబట్టే అది మిగిలిందని మా శిక్షకుడు చెప్పాడు. చర్చిగా మారని గుళ్ళను రాళ్ళ కోసం పీక్కుపోయారు. వాడుకలో ఉన్న కట్టడమే బతుకుతుంది అన్నాడు. నేను శ్రద్ధగా తలూపాను.

మన కృత్తివెన్ను చర్చి కూడా చర్చిగా పుట్టలేదు. తీరం పొడవునా ఉప్పుమళ్ళున్న రోజుల్లో, ఉప్పు అధికారి కచేరీగా ఇంగ్లీషువాళ్ళు కట్టారు. అప్పట్లో వాళ్ళు కచేరీ కట్టినా, సమాధి కట్టినా, బ్యాంకు కట్టినా రోమన్ గుడి నమూనానే వాడేవాళ్ళు. నాలుగు లావుపాటి స్తంభాలు, త్రికోణపు ముఖం, వెనక ఒకే హాలు, గోడలకు అర్ధ స్తంభాలు. రాయి బదులు ఇటుక, పాలరాయి బదులు డంగుసున్నపు పూత. ఊళ్ళో దాన్ని ఇప్పటికీ ఉప్పు కొఠారు అనే అంటారు. ఉప్పు శాఖ వదిలేసి వెళ్ళాక ఒక మిషను దాన్ని తీసుకుని, త్రికోణం మీద సిలువ నిలిపి చర్చి చేసింది. వెళ్ళిపోయేటప్పుడు, దాని వెనకున్న రెండెకరాలతో సహా పేటలోని సంఘానికి రాసిచ్చింది. ఆ పేట పుట్టిందే ఉప్పు గంపలు మోసినవాళ్ళ గుడిసెలతో.

ఒక్కటే తేడా. రోమన్ గుడికి ప్రాణం అరుగు, మెట్లు. ఇక్కడ అవి లేవు. స్తంభాలు తిన్నగా నేలలోంచి మొలిచినట్టున్నాయి. రోడ్డు చర్చి గడప కంటే ఎత్తున ఉంది. మన డెల్టాలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేస్తారు, ఇళ్ళవాళ్ళు దాన్ని అందుకోవడానికి మెరక తోలుకుంటారు. పొరుగువాడి మెరక నీకు పల్లం, నీ మెరక ఇంకొకడికి పల్లం. అలా తోలుకుంటూ తోలుకుంటూ చర్చి అరుగునంతా పాతిపెట్టేశారు.

సంఘం కార్యదర్శి జయరాజు మాస్టారు. ఊరి హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యారు. మొదటి రోజు నా సంచీలోంచి పరికరాలన్నీ బయటికి తీయించి, ఒక్కొక్కటీ దేనికో అడిగి తెలుసుకున్నారు. తేమ మీటరు చూసి, “గోడకి షుగరు టెస్టన్నమాట. తినక ముందా, తిన్నాకా?” అన్నారు.

మెట్ల సంగతి చెప్పింది ఆయనే. ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి, మామూలుగా చెప్పారు.

“మా తాత ఉప్పు గంప దించుకుని ఆ మెట్ల కింద ఆగేవాడంటండీ. పైకి ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. దొర పైనుంచి చూసి లెక్క రాయించుకునేవాడు. చర్చి అయ్యాక మా నాన్న ఆ మెట్లెక్కి, ఈ స్తంభాల మధ్య నుంచి లోపలికెళ్ళి పెళ్ళి చేసుకున్నాడు. నాకు ఊహ తెలిసేసరికి మెట్లే లేవు. ఎక్కడానికేం మిగిలిందండీ మాకు?”

“ఉంటాయి మాస్టారూ. ఎవరూ పీకి ఉండరు, పూడ్చి ఉంటారు” అన్నాను.

“అయితే తియ్యండి బాబూ. నేను పోయేలోగా ఒక్కసారి ఆ మెట్లెక్కి, నిలబడున్న ఈ స్తంభాల మధ్య నుంచి లోపలికెళ్తాను. మీ కంపెనీవాళ్ళు ఇంకేం చేసినా చెయ్యకపోయినా పర్లేదు.”

ఆ రోజు నుంచి నాకు ఆ పని మెట్లు, స్తంభాలుగానే కనిపించింది. పూడిన మెట్లు బయటికి రావాలి, ఉన్న నాలుగు స్తంభాలూ పడకూడదు.

స్తంభాలకు మాత్రం వ్యాధి బాగా ముదిరింది. మనిషి నడుము ఎత్తు దాకా పూత ఉబ్బి రాలిపోతోంది. ముట్టుకుంటే లోపలి ఇటుక ఎర్రటి పొడిగా చేతికి వస్తోంది. తుపాన్లకు చెక్కుచెదరని కట్టడం ఇది, పదేళ్ళుగా ఇలా అవుతోందన్నారు. నేలలోని నీరు ఇటుకలోకి, దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఎక్కుతుంది. పైకెక్కి గాలికి ఆవిరైపోతుంది. నీళ్ళలో ఉప్పుంటే అది ఆవిరి కాదు. పూత వెనకే గడ్డకట్టి, పెరిగి, పూతను తోసేస్తుంది, తర్వాత ఇటుకను పిండి చేస్తుంది. పొడిని శుద్ధమైన నీళ్ళలో కలిపి, వడగట్టి, సిల్వర్ నైట్రేట్ చుక్క వేశాను. గాజు గొట్టంలో పాలు విరిగినట్టు తెల్లగా అయింది. ఉప్పే.

ఎక్కడి ఉప్పు? కచేరీ నాటి ఉప్పే అని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. ఉప్పు కోసం కట్టింది ఉప్పుతోనే పోతుందని ఒక పెద్దాయన తత్వం కూడా చెప్పాడు. ఆ లెక్క కుదరదు. అదే నిజమైతే ఎప్పుడో పోయి ఉండాలి.

చర్చి వెనకున్న ఆ రెండెకరాలు రొయ్యల చెరువు. పేటలో దాన్ని దేవుడి చెరువంటారు. లీజుకు చేస్తున్నది వీరబాబు అనే ఊరి రైతు. చుట్టుపక్కల ఇంకా చాలా చెరువులు ఆయనవే. మంచి మాటకారి. నన్ను చూసిన ప్రతిసారీ ఏదో ఒకటి అంటించకుండా వదిలేవాడు కాదు. నేను లెవెల్ పరికరం బిగించుకుని చెరువు గట్టు మీద నిలబడితే, “ఇంజినీరు గారూ, రొయ్యలకి ఫొటో తీస్తున్నారా? మీసాలు సరిచేసుకోమంటాను ఆగండి” అనేవాడు. నేను కొలుస్తున్నది వేరు. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం గట్టు మీద మరక కట్టి ఉంది. ఆ మరక చర్చి గచ్చు కంటే ఎత్తున ఉంది.

మార్చిలో పట్టుబడి అయింది. రొయ్యలు పట్టేశాక చెరువు నీళ్ళు వదిలేసి కొన్నాళ్ళు ఎండగడతారు. అదే సమయంలో మేం వరండా ముందు కందకం తవ్వించాం. మెరక మట్టి, కంకర, పాత రోడ్డు తారు, మళ్ళీ మట్టి. దాని కింద మెట్లు. అంచులు కూడా అరగలేదు. గచ్చు నున్నగా, గుడ్డుపెంకులా ఉంది. పాతిపెట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

ఆ ఆదివారం పేటంతా వచ్చింది. మాస్టారు చెప్పులు విప్పి, పంచె ఎగగట్టుకుని కందకంలోకి దిగి, అట్టడుగు మెట్టు దగ్గర ఆగారు. ఎవరో వెనక నుంచి, “ఎక్కండి మాస్టారూ, దొర లేడులెండి” అని అరిచారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఎక్కి, స్తంభాల మధ్య నుంచి లోపలికి వెళ్ళి, కాసేపటికి బయటికొచ్చి, మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కారు. “మొదటిసారి తాత తరఫున. ఇది నాది” అన్నారు.

చికిత్సలో భాగంగా స్తంభాలకు కొత్తగా సున్నపు పూత పూయాలని ఆ రోజే సంఘం కమిటీకి వివరించాను. సిమెంటు పూస్తే తేమ బయటికి రాలేక ఇంకా పైకెక్కుతుంది. సున్నం అయితే ఉప్పును తనలోకి లాక్కుని, కొన్నేళ్ళకు అది రాలిపోతుంది, ఇటుక మిగులుతుంది. మళ్ళీ పూసుకోవాలి. అందుకే మా వృత్తిలో దాన్ని బలి పూత అంటారు అని చెప్పాను.

“ఆ మాట సంఘంలో అనకండి బాబూ” అన్నారు మాస్టారు. “మా దగ్గర బలి ఒక్కసారే, సిలువ మీద జరిగింది, అందరికీ సరిపోయింది. నాలుగేళ్ళకోసారంటే పాస్టరుగారు ఒప్పుకోరు.”

ఏప్రిల్లో వీరబాబు చెరువు నింపాడు. ఏటి పాయ నుంచి మోటార్లతో ఉప్పునీళ్ళు తోడించాడు. వారం తిరక్కుండా కందకం అడుగున చెమ్మ కనిపించింది. తర్వాత నీళ్ళు ఊరాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండలు మండుతున్నాయి. అట్టడుగు మెట్టు మునిగింది. తర్వాత దానిపైది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. పద్ధతి ప్రకారం సీసాలో పట్టి పరీక్ష కూడా చేశాను. గొట్టం తెల్లబడింది. చెరువు ఎండినప్పుడు మెట్లు పొడి, నిండినప్పుడు తడి. కారణం ఇంత స్పష్టంగా తనంతట తాను ఒప్పుకున్న కేసు నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు.

కమిటీ సమావేశం హాల్లోనే జరిగింది. మాస్టారు, పాస్టరుగారు, స్త్రీల సమాజం తరఫున సువార్తమ్మగారు, మరికొందరు. లీజుదారు కాబట్టి వీరబాబు కూడా వచ్చి గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను చెప్పవలసింది చెప్పాను. దేవుడి చెరువు ఎత్తేసి నేలను ఆరనివ్వడం మొదటి మార్గం. చెరువుకూ చర్చికీ మధ్య లోతుగా అడ్డుగోడ దింపి, ఊరిన నీటిని మురుగు కాలువలోకి పంపించడం రెండోది. మూడో మార్గం లేదు.

వీరబాబుకు నవ్వొచ్చింది. “నీళ్ళు పల్లానికి పోతాయి గానీ స్తంభం ఎక్కుతాయేంటండీ? మా చెరువు నీళ్ళకి కూడా భక్తెక్కువైందా?”

ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు మార్చాడు. “సరే, రేపే ఖాళీ చేస్తాను. నాకేం, ఇంకో చెరువు చూసుకుంటాను. మీకు ఇంకో లీజు దొరుకుద్దా, అది చూసుకోండి.”

సువార్తమ్మగారు లేచారు. ఆవిడ చర్చి తరఫున నడిచే ఆడపిల్లల హాస్టలు చూసుకుంటారు. “బాబూ, మీరు చదువుకున్నవాళ్ళు, మీరన్నది అబద్ధమని నేననను. మా ఆడపిల్లల ఫీజులు ఆ చెరువులోనే ఈదుతున్నాయి. పాస్టరుగారి జీతం అందులోనే. ఈ చర్చికి సున్నం వేయించినా దాంతోనే.”

“వరి వేసుకోవచ్చు కదండీ?” అన్నాను.

అందరూ ఒకసారి నా వంక చూశారు. ఆ చూపులో కోపం లేదు. తర్వాత ఒక కుర్రాడన్నాడు: “నాలుగు వైపులా ఊళ్ళోవాళ్ళ చెరువులే కదండీ. మధ్యలో మాదొక్కటే వరి వేస్తే పండేది ఉప్పే. ముందు ఎండిపోయింది మా వరే, తర్వాతే చెరువు తవ్వాం. ఊళ్ళో అందరి చెరువులూ ఉండగా దేవుడి చెరువొక్కటే పూడ్చాలా?”

రెండో మార్గానికి వచ్చాం. అడ్డుగోడ కట్టవచ్చు. ఊరిన నీళ్ళు మురుగు కాలువకు చేరాలి. ఆ కాలువ దిగువ భాగం వీరబాబు, ఆయన బావగారి చెరువుల గట్ల కింద పూడిపోయి ఏళ్ళైంది. కాలువ సంగతి అడిగితే వీరబాబు, “అదెక్కడుందండీ ఇప్పుడు? మ్యాపులో ఉందేమో, వెతుక్కోండి” అన్నాడు.

మాస్టారు చివర్లో, “ఇంజినీరుగారు రిపోర్టు రాయనివ్వండి. పైవాళ్ళు చదివితే కాలువ తీయిస్తారేమో” అన్నారు. ఆ రిపోర్టు మీద ఆయన పెట్టుకున్న నమ్మకం నేనూ పెట్టుకున్నాను.

కారణం అన్న శీర్షిక కింద చెరువు సంగతి మొత్తం రాశాను. ఉప్పునీటి చెరువుల వల్ల నేలలో పెరిగిన లవణం, మూసుకుపోయిన మురుగు కాలువ, మట్టాల కొలతలు, తడీ పొడీ ఫొటోలు. కాలువ తెరిపించనిదే ఏ మరమ్మతూ నిలవదని కింద ముగింపు. విజయవాడ పంపాను. పదిరోజులకు చీఫ్ కన్సల్టెంటు పిలిచారు.

ఆవిడ చెడ్డ మనిషి కారు. చాలా కట్టడాలను నిజంగా కాపాడారు. నా రిపోర్టులో ఆ శీర్షిక కింద రాసినదంతా తీసేసి, స్థానిక వాతావరణ పరిస్థితులు అన్న మూడు మాటలు మిగిల్చారు. ముగింపు కూడా పోయింది. నువ్వు రాసింది తప్పని అనడంలేదు, చదివేది ఎవరో చూసుకోమంటున్నాను అన్నారు. రొయ్యల కంపెనీకి, రొయ్యల చెరువు వల్ల పాడైందని రాసిస్తే డబ్బు వెనక్కి పోతుంది, ఆ తర్వాత ఆ స్తంభాలకు ఏ పూతా ఉండదు, అది నీకు ఇష్టమేనా అని అడిగారు. ఇష్టం కాదన్నాను. కారణం లేకుండా చికిత్స రాయొద్దన్నది ఎవరు నేర్పారని కూడా అడిగాను. అలా అడగడం మా ఆఫీసులో అలవాటు లేదు.

ఆ నెలాఖరుకు నన్ను ఇంకో జిల్లాలో ఒక పాత బంగళాకు మార్చారు. నా స్థానంలో వచ్చినతను కాంట్రాక్టరు తరఫువాడు. కంపెనీవాళ్ళకు సున్నం నచ్చలేదు. తెల్లారేసరికి మెరవాలి, ఫొటోలో కనిపించాలి. స్తంభాలకు సిమెంటు పూసి, దాని మీద నల్ల గ్రానైటు పలకలు అతికించారు. మెట్లలో నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతున్నాయని కందకం పూడ్చేశారు. మాస్టారు ఫోన్లో చెప్పారు. “మెట్లు పూడ్చారు బాబూ. పైన టైల్సు వేశారు. జారుతున్నాయి” అన్నారు. ప్రారంభోత్సవం ఫొటో పేపర్లో చూశాను. గ్రానైటు మీద కంపెనీ పేరు స్పష్టంగా కనిపిస్తోంది.

2019 వర్షాకాలం తర్వాత వరండా పైకప్పు ఒకవైపు కుంగిందని మాస్టారు కబురు చేశారు. అప్పటికి నేను రాజీనామా పత్రం రాసి జేబులో పెట్టుకున్నాను, ఇవ్వలేదు. గుడివాడలో మా ఇంటి నుంచి సొంత ఖర్చుతో వెళ్ళాను. కుడి చివరి స్తంభానికి గ్రానైటు పలకలు ఎక్కడా పగల్లేదు. ఒక్క మరక లేదు. వేలితో కొడితే డొల్ల చప్పుడు. మేస్త్రీ చేత ఒక పలక ఊడదీయించాను. లోపలి నుంచి ఎర్రటి పొడి, చిల్లు పడ్డ బస్తాలోంచి చిట్టు కారినట్టు జారుతూనే ఉంది. ఇటుకంటూ ఏదీ లేదు. రెండేళ్ళుగా పైకప్పును మోస్తున్నది పలకలే.

వెంటనే కప్పు కింద దన్నుగా పోట్లు పెట్టించి, జనాన్ని ఖాళీ చేయించాను. అది నా అధికారంలో లేదు, అయినా చేయించాను. మిగతా మూడూ చూశాను. అవీ అంతే. వరండా దించేయాలని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. పాత కట్టడాలు నిలబెట్టడానికి చదువుకున్నవాడిని. ఆ వృత్తిలో నా చివరి సంతకం కూల్చమని.

దించేటప్పుడు మాస్టారు రోడ్డు మీద నిలబడ్డారు. వీరబాబు తన ట్రాక్టరు పంపాడు, డబ్బు తీసుకోలేదు, దగ్గరుండి మట్టి ఎత్తించాడు. “పాపం, పాతది కదండీ మాస్టారూ, ఎన్నాళ్ళుంటుంది” అన్నాడు. ఆయన నిజంగానే బాధపడ్డాడు. మాస్టారు నా వైపు తిరిగి అన్నారు: “దొర ఎక్కనివ్వలేదు, మా తాతకి దొర మీద కోపం ఉండేది. నేనెవరి మీద పడాలి బాబూ? మా చెరువు, మా చర్చి.”

ఇప్పుడు అక్కడ కాంక్రీటు వరండా ఉంది. స్టీలు గొట్టాల రెయిలింగు, రోడ్డుకు సమానంగా గచ్చు. ఎవరైనా మోటారు సైకిలు మీద గుమ్మం దాకా రావచ్చు. మెట్లు దాని కిందే ఉన్నాయి, ఉప్పునీళ్ళలో. చెరువు పక్కనే నడుస్తోంది. హాస్టలూ నడుస్తోంది. అది నడవాలి కూడా. మాస్టారు ఇప్పుడు పక్క గుమ్మం నుంచి లోపలికి వెళ్తున్నారని విన్నాను.

జేబులోని రాజీనామా పత్రం ఆ వారమే ఇచ్చేశాను. ఈ ఉదంతం నాకు నేర్పినవి ఇవి. వాడుకలో ఉన్న కట్టడమే బతుకుతుందని రోమ్‌లో విన్న మాట సగమే నిజం. వాడేవాళ్ళు దేనిమీద బతుకుతున్నారో, అది కట్టడానికి ఏ వైపున ఉందో కూడా కొలవాలి. ఆ కొలతకు మా పరికరాల సంచీలో ఏమీ ఉండదు. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. దాన్ని ఎవరి డబ్బుతో తెలుసుకున్నామన్నదే అది కాగితం మీద మిగులుతుందో లేదో తేలుస్తుంది.

ప్రస్తుతం నేను గుడివాడలో ఉంటూ, రొయ్యల మేత గోదాములకూ ఐసు ఫ్యాక్టరీలకూ పునాదులు డిజైన్ చేస్తున్నాను. నందివాడ నుంచి కృత్తివెన్ను దాకా పనులున్నాయి. ప్రతి రిపోర్టులో మొదటి పేరాలో, చుట్టూ ఉన్న ఉప్పునీటి చెరువుల వల్ల ఈ నేలలో లవణం ఎక్కువ, మామూలు ఇటుక, సిమెంటు నిలవవు అని రాస్తాను. అదే పరీక్ష, అదే సిల్వర్ నైట్రేట్ సీసా. ఇంతవరకూ ఆ వాక్యాన్ని ఎవరూ కొట్టేయలేదు.